విమానము మీది పేరు

విమానముల నమూనాలు చేయుట పిల్లల ఆట యని కొందరు పెద్దలు తేలికగా తీసివేయుదురు. మేము ఆ అభిప్రాయముతో ఏకీభవింపజాలము. 1942వ సంవత్సరారంభమున అమెరికా నౌకాదళము తన దేశములోని పాఠశాలలను అయిదు లక్షల నమూనా విమానములు చేసి ఇమ్మని కోరినది. ఏబది రకములు, రకమునకు పదివేలు. అన్నియు అసలు విమానములో 72వ వంతు కొలతకు చేయవలసినవే. ఆరడుగుల మనిషి ఒక్క అంగుళమునకు కుదియు కొలత అది. ఆకాశమున పోవుచున్నది తమదో, శత్రువుదో ఆకారమును బట్టి పోల్చుకొనుట సైనికులకు నేర్పుటకై అవి కావలసి వచ్చినవి. రెక్క కొస గుండ్రముగా ఉండవలసిన చోట కోసుగా ఉన్న బొమ్మను చూచి నేర్చుకొన్నవాడు తనవారి మీదనే తుపాకి పేల్చును. బాలుర ఉలిపని మీద పెద్దల ప్రాణములు ఆధారపడిన రోజులవి. దీనిని ఆట యనుట ఎట్లు?

మన తిరుపతి, చిత్తూరు ప్రాంతముల విద్యార్థులకు నమూనాలు కొత్త కావు. విజ్ఞాన ప్రదర్శన అనగానే రాకెట్టు బొమ్మ ఒకటి నిలువవలసినదే. 2022లో ఏర్పడిన తిరుపతి జిల్లాలో శ్రీహరికోట చేరినది కనుక ఈ ఉత్సాహము మరింత సహజము. రాకెట్టు మీద మాకు కినుక ఏమియు లేదు. ఐతే అది మన ప్రభుత్వము మన పన్నుల సొమ్ముతో, మన ప్రతినిధుల ఆమోదముతో చేయించినది. దానిని గూర్చి అడుగవలసిన చిక్కు ప్రశ్న లేదు. యుద్ధకాలపు విమానము అట్టిది కాదు. దాని చుట్టును ప్రశ్నలే.

ఎన్.సి.సి. వైమానిక విభాగపు శిక్షణలో విమాన నమూనాల నిర్మాణము ఒక భాగము. ఆ విద్యార్థులలో గాని, పెట్టెలలో వచ్చు ప్లాస్టిక్ కిట్లు తెప్పించుకొను ఔత్సాహికులలో గాని రెండవ ప్రపంచ యుద్ధకాలపు విమానము చేయదలచినవారి చూపు మొదట స్పిట్‌ఫైరు మీద పడును. అందమైన విమానము, కాదనము. మా సూచన వేరు. మన ప్రాంతపు పేరు మోసిన విమానమునే చేయవలెను. చేసినప్పుడు ఆ పేరును విడువక వ్రాయవలెను. అట్టి విమానమొకటి ఉన్నదా యని పాఠకులు అడుగవచ్చును. ఉన్నది.

ఆ యుద్ధకాలమున బ్రిటిషు సామ్రాజ్యములోని నగరములు, సంస్థానములు, కంపెనీలు, సంఘములు చందాలు వసూలు చేసి విమానములకు సొమ్ము పంపినవి. సొమ్ము పంపినవారి పేరు విమానము మీద రంగుతో వ్రాయించుట ఆచారము. పెద్ద మొత్తములు పంపిన ప్రాంతముల పేర్లు మొత్తము స్క్వాడ్రన్లకే పెట్టినారు. రాయల్ ఎయిర్ ఫోర్సులో 79, 234, 264 సంఖ్యలు గల మూడు స్క్వాడ్రన్లు ‘మద్రాసు ప్రెసిడెన్సీ’ అను పేరు మోసినవి. మొదటిది హరికేన్లతో, రెండవది స్పిట్‌ఫైర్లతో, మూడవది డిఫైంట్లతో యుద్ధపు తొలి యేండ్లలో పోరాడినవి. ఈ మూడవ స్క్వాడ్రనులోని ఒక డిఫైంటు మీద మనకు మిక్కిలి దగ్గరి ఊరి పేరు ఉండెను. దాని క్రమసంఖ్య ఎన్ 1801. పక్కభాగమున అక్షరములు పి.ఎస్.-బి, పేరు ‘కోయంబత్తూరు 2’. 1941లో రాత్రివేళల శత్రువుల బాంబరులను వెదకుచు తిరిగిన నల్లని విమానమది. దానిని నడిపినవాడు డెస్మండ్ హ్యూస్, వెనుక తుపాకుల వద్ద కూర్చున్నవాడు ఫ్రెడ్ గాష్. హ్యూస్ అనంతర కాలమున ఎయిర్ వైస్ మార్షల్ పదవి వరకు పోయినాడు. పేరు చివర రెండు అంకె ఉన్నది కనుక దానికి ముందొక కోయంబత్తూరు ఉండెనని గ్రహింపవచ్చును.

కోయంబత్తూరు మనది ఎట్లగునని శంకింపవలదు. చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఉత్తర ఆర్కాటు నుండి కొన్ని, కడప నుండి మదనపల్లె, వాయల్పాడు తాలూకాలను కలిపి ఏర్పడినది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము అవతరించు వరకు అది మద్రాసు ప్రెసిడెన్సీలోని, తరువాత మద్రాసు రాష్ట్రములోని జిల్లా. తిరుత్తణి 1960 వరకు మన జిల్లాలోనిదే. కావున యుద్ధకాలమున చిత్తూరు, కోయంబత్తూరు ఒకే గవర్నరు క్రింది రెండు జిల్లాలు. మూడు స్క్వాడ్రన్ల మీద వ్రాసిన ‘మద్రాసు ప్రెసిడెన్సీ’ అను రెండు మాటలలో తిరుపతి, పలమనేరు, పుంగనూరు, శ్రీకాళహస్తి అన్నియు ఇమిడియున్నవి.

యుద్ధము మన జిల్లాకు బాంబుల రూపమున రాలేదు. కాగితముల రూపమున వచ్చినది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్టణము, కాకినాడల మీద బాంబులు వేసినవి. మద్రాసు నగరము సగము ఖాళీ అయినది. అప్పుడు మద్రాసు రికార్డు ఆఫీసులోని పాత దస్తావేజులను భద్రత కొరకు పలమనేరుకు తరలించినారు. కంపెనీ కాలము నాటి జాబులు, జమాబందీ లెక్కలు గుట్టలుగా పలమనేరు కొండగాలి పీల్చుచు ఉండినవి. చరిత్రను కాపాడిన ఊరు మనది అని చెప్పుకొనుటకు పలమనేరువారికి హక్కున్నది. వారు చెప్పుకొనుట మాత్రము మేము వినలేదు.

ఇక సొమ్ము సంగతి. ఇదియే ఈ వ్యాసమునకు ఆయువుపట్టు. 1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో భారతదేశము యుద్ధములో ఉన్నదని ప్రకటించినాడు. ఏ శాసనసభను గాని, ఏ ప్రజా నాయకుని గాని సంప్రతింపలేదు. నిరసనగా కాంగ్రెసు మంత్రివర్గములు రాజీనామా చేసినవి. మద్రాసులో రాజగోపాలాచారి మంత్రివర్గము ఆ అక్టోబరులోనే దిగిపోయినది. ఆ మీదట పాలన గవర్నరుది. యుద్ధనిధి వసూళ్ళు జరిగినది ఆ పాలనలోనే. పైన గవర్నరు, క్రింద కలెక్టరు, ఆ క్రింద తాసిల్దారు, అట్టడుగున కరణము, మునసబు. తాసిల్దారు చందా అడిగినప్పుడు లేదనుటకు గుండె దిటవు గల రైతు ఎందరుందురో పాఠకులే ఊహింపవచ్చును. మనసార ఇచ్చినవారు లేరని మేము అనము. హిట్లరు గెలిచినచో లోకము ఏమగునో తెలిసి ఇచ్చినవారు ఉన్నారు. బిరుదునకు ఇచ్చినవారు ఉన్నారు, భయమునకు ఇచ్చినవారును ఉన్నారు. విమానము మీది పేరు ఈ మూడింటిని వేరుచేసి చూపదు.

లెక్క కొంచెము చూతము. ఒక స్పిట్‌ఫైరును దానము చేయగోరువారికి నిర్ణయించిన నామమాత్రపు వెల అయిదు వేల పౌనులు. నాటి మారకపు రేటు రూపాయికి ఒక షిల్లింగు ఆరు పెన్నీలు. ఆ ప్రకారము అది ఇంచుమించు 66,667 రూపాయలు. రోజుకు నాలుగణాల కూలి అనుకొన్నచో రెండు లక్షల అరువదియారు వేల పనిదినములకు పైమాట. వేయిమంది కూలీలు ఎనిమిదిన్నర నెలలకు పైగా, ఒక్క పూట మానక, ఒక్క కాసు తమకొరకు వాడుకొనక పని చేసినచో ఒక విమానము. నమూనా చేయు విద్యార్థి ఈ గుణకారము తన చేతితో తాను వేయవలెనని మా కోరిక. ఉలి పట్టుటకు ముందే వేయవలెను.

అదే కాలమున, 1940 అక్టోబరు 17న, గాంధీమహాత్ముడు వ్యక్తి సత్యాగ్రహమును ప్రారంభించినాడు. ఈ యుద్ధమునకు మనుష్యులను గాని ధనమును గాని ఇచ్చి తోడ్పడుట తప్పు అని బహిరంగముగా చెప్పుటయే ఆ సత్యాగ్రహము. చెప్పినవారిని చెప్పినట్లే జైలుకు పంపినారు. ఒక చేత చందా రశీదు, మరియొక చేత అరెస్టు వారంటు. ఆంధ్రదేశమున ఎన్నో ఊళ్ళు ఈ రెండింటిని చూచినవి. కోయంబత్తూరు 2 నింగిలో తిరుగుచున్న 1941లో సత్యాగ్రహులు ఇంకను జైళ్ళలో ఉండిరి.

ఇట్టి విమానమునకు నమూనా చేయుట బానిసత్వమును అలంకరించుట కాదా అని మిత్రులు కొందరు మమ్ము ప్రశ్నించినారు. వారి ఆవేదన మాకు అర్థము కాకపోలేదు. కాని వారి వాదము నిలువదని మా అభిప్రాయము. పేరులేని స్పిట్‌ఫైరును చేసి గాజు పెట్టెలో నిలిపినప్పుడే బానిసత్వము అలంకారమగును. ఏలయన అందులో విమానము మాత్రమే ఉండును, వెల కట్టినవాడు ఉండడు. పేరు వ్రాసిన క్షణమున చూచువాడు ఆగి, ఇంగ్లండు ఆకాశమున ఈ దక్షిణదేశపు ఊరి పేరేమని అడుగును. ఆ ప్రశ్న పుట్టించుటకే నమూనా. మా దృష్టిలో ఆ పేరు గౌరవబిరుదు కాదు, రశీదు. అప్పు తీరినను తీరకున్నను రశీదును చింపివేయు బుద్ధిమంతుడు ఉండడు.

మన కళాశాలలో ఉర్దూ చదువు మిత్రులకు మరియొక విమానము సంగతి చెప్పవలసియున్నది. 2022 వరకు మన జిల్లాలోనిదైన మదనపల్లె ప్రాంతము దత్త మండలములలోనిది. 1800లో నిజాము ఇంగ్లీషువారికి ధారపోసిన భూమి. ఆ నిజాముల వంశములో ఏడవవాడైన మీర్ ఉస్మాన్ అలీఖాన్ మొదటి ప్రపంచ యుద్ధపు చివరి సంవత్సరము 1918లో 110వ స్క్వాడ్రనుకు డి.హెచ్.9-ఎ విమానములను కానుక ఇచ్చినాడు. ఆ విమానముల మీద నిజాము కానుక అని వ్రాయించినారు. వానిలో ఎఫ్ 1010 అను సంఖ్య గలది 1918 అక్టోబరు 5న జర్మనీ మీదికి పోయి తిరిగి రాలేదు. జర్మనులు దానిని పట్టుకొని బెర్లినులో ప్రదర్శనకు పెట్టినారు. రెండవ యుద్ధములో అది పోలండుకు చేరినది. రెక్కలు పోయి మొండెము మిగిలినది. 1977లో ఒక స్పిట్‌ఫైరును బదులిచ్చి బ్రిటిషువారు దానిని తిరిగి తెచ్చుకొన్నారు. రెక్కలు కొత్తగా చేయించి లండనులోని రాయల్ ఎయిర్ ఫోర్సు మ్యూజియములో నిలిపినారు. ఒక్క విమానము, నాలుగు చేతులు మారినను, హైదరాబాదు కానుకగానే నేటికిని పిలువబడుచున్నది.

ఆ 1918లోనే నిజామునకు ‘యార్-ఎ-వఫాదార్’, అనగా విశ్వాసపాత్రుడైన మిత్రుడు, అను బిరుదు దొరికినది. రెండవ యుద్ధమున హైదరాబాదు పేరు మోసిన 152వ స్క్వాడ్రను చిహ్నములో నిజాము దస్తారును చిత్రించి, క్రింద ధ్యేయవాక్యముగా ఆ బిరుదునే ఇంగ్లీషులో వ్రాసినారు. ఈ స్క్వాడ్రను తరువాత బర్మా సరిహద్దునకు వచ్చి, దుముకుచున్న నల్ల చిరుతను తన స్పిట్‌ఫైర్ల మీద చిత్రించుకొన్నది. నమూనాలు చేయువారికి ఆ చిరుత మీద మక్కువ ఎక్కువ. చిరుత చూడముచ్చటగానే ఉండును; మాకు మాత్రము దస్తారు మీదనే చూపు నిలుచును. ప్రభువు ఇచ్చిన కానుకకు ప్రభువు తలపాగా గుర్తు. కోయంబత్తూరు కానుకకు ఏ తలపాగా గుర్తు పెట్టగలరు? అందులో వేలమంది తలగుడ్డలున్నవి. అందుకే హైదరాబాదు విమానము కంటె కోయంబత్తూరు విమానము మన పనికి తగినదని మేము తలంచుచున్నాము.

డిఫైంటును ఎన్నుకొనుటకు మరియొక కారణము కూడ కలదు. అది ఓడిపోయిన ఆలోచన. గెలిచిన యంత్రముల కంటె ఓడిన యంత్రములు విద్యార్థికి ఎక్కువ నేర్పును. 1937 ఆగస్టు 11న అది తొలిసారి ఎగిరినది. దాని పైలటుకు ముందువైపు పేల్చు తుపాకి ఒక్కటియు లేదు. పైలటు వెనుక గిర్రున తిరుగు గాజు గది యొకటి, దానిని టరెట్టు అందురు. అందులో గన్నరు కూర్చుండి నాలుగు బ్రౌనింగు తుపాకులను పేల్చును. తుపాకికి ఆరువందల తూటాలు. శత్రువుల బాంబరులు జర్మనీ నుండి కావలి విమానములు లేకుండ వచ్చునని, వాని పక్కన సమముగా ఎగురుచు తీరికగా కాల్చవచ్చునని రూపకర్తల ఊహ. 1940 జూనులో ఫ్రాన్సు పడిపోయినది. జర్మనుల కావలి విమానములు ఫ్రాన్సు తీరమునుండియే ఎగిరి రాసాగినవి. ఊహకు పునాది పోయినది.

డన్‌కర్కు దగ్గర, 1940 మే 29న, ఒక్క దినమున ముప్పదికి పైగా శత్రు విమానములను కూల్చితిమని 264వ స్క్వాడ్రను చెప్పుకొన్నది. తరువాతి పరిశీలనలో ఆ సంఖ్య బాగా తగ్గినది. జూలై 19న 141వ స్క్వాడ్రను తొమ్మిది డిఫైంట్లతో పోరుకు పోయి ఆరింటిని పోగొట్టుకొన్నది. ఎదురుగా గాని, క్రిందినుండి గాని వచ్చిన శత్రువును అది ఏమియు చేయలేదని తెలిసిపోయినది. ఆగస్టు చివరి వారములో 264 కూడ తీవ్రముగా నష్టపోయినది. దాని నాయకుడు ఫిలిప్ హంటర్ ఆ నెల 24న వెళ్ళి తిరిగి రాలేదు. అటుపిమ్మట డిఫైంటును పగటి యుద్ధమునుండి తప్పించి, నల్లరంగు పూసి రాత్రి కాపలాకు పెట్టినారు. అక్కడ అది కొంత పనికి వచ్చినది. మన కోయంబత్తూరు 2 ఆ రాత్రి కాపలాలోనిది.

ఇప్పుడు పని సంగతి. అసలు విమానము రెక్కల కొసనుండి కొసకు 39 అడుగుల 4 అంగుళములు. పొడవు 35 అడుగుల 4 అంగుళములు. 72వ వంతునను 48వ వంతునను ఎయిర్‌ఫిక్సు కంపెనీ ప్లాస్టిక్ కిట్లు చేసినది. కొనగలవారు కొనవచ్చును. మా ఓటు మాత్రము 24వ వంతు కర్ర నమూనాకే. అడుగునకు అర అంగుళము. లెక్క నోటితో చెప్పవచ్చును. రెక్కలు దాదాపు 19⅔ అంగుళములు, మొండెము దాదాపు 17⅔ అంగుళములు. చూచువానికి కనబడును, ఎత్తువానికి బరువు కాదు. అసలు విమానములో అంగుళము తప్పు ఇందులో ఒక్క మిల్లీమీటరు. మిల్లీమీటరు తప్పును ఓర్చుకొందమా మానుదమా అన్నది చేయువాని మనస్సాక్షికి సంబంధించిన మాట.

కర్ర మెత్తనిది, నారు సూటిగా ఉన్నది కావలెను. ఎర్రచందనము మాట తలపెట్టవలదు. అనుమతి లేనిదే దానిని తాకరాదు, పైగా ఈ పనికి అది మరీ గట్టిది. రెండు దిమ్మెల నడుమ కాగితమునుంచి జిగురుతో అతికి, ఒక్క దిమ్మెగా చేసి మొండెమును చెక్కవలెను. చెక్కుట ముగిసిన తరువాత ఉలి కొసతో కాగితపు అతుకు వద్ద విడదీసినచో రెండు సమాన భాగములు వచ్చును. అప్పుడు లోపల తొలిచి పైలటు గది, టరెట్టు గుంట చేసి మరల అతుకవలెను. అట్టముక్కలతో అడ్డుకోత అచ్చులు కత్తిరించుకొని, అడుగడుగున మొండెము మీద పెట్టి చూచుకొనుచు ఆకురాయితోను ఉప్పుకాగితముతోను తగ్గించవలెను. కంటికి బాగున్నదని ఆపరాదు; అచ్చు ఒప్పుకొన్నప్పుడే ఆపవలెను.

అసలు కష్టము టరెట్టులో ఉన్నది. దానికి మొదట కర్రతో మూస చేసి, నీళ్ళ సీసా ప్లాస్టిక్కును దాని మీద తొడిగి వేడిగాలి పట్టించినచో అది ముడుచుకొని మూస ఆకారము తాల్చును. దాని మీద పట్టీలను సన్నని కాగితపు పేలికలతో అంటించవలెను. టరెట్టునకు ముందును వెనుకను విమానపు వీపు మీద గూని వంటి రెండు కప్పులుండును. తుపాకులు త్రిప్పునప్పుడు అవి లోనికి దిగిపోవును. తుపాకులను పక్కకు త్రిప్పి చూపదలచినవాడు కప్పులను దింపియే చూపవలెను. మరచినచో తుపాకులు విమానపు వీపును చీల్చుకొనిపోవు వింత ఏర్పడును. రేడియో స్తంభములు రెండును పైన కాక కడుపు క్రింద ఉండును, తుపాకుల చూపునకు అడ్డు రాకుండుటకై. చక్రములు దించినప్పుడు అవి లోనికి ముడుచుకొనును. కావున నేల మీద నిలిపిన నమూనాకు స్తంభములు పెట్టుట తప్పు. ఎగురుచున్న నమూనాకు పెట్టకుండుట తప్పు.

టరెట్టు చేయునప్పుడు గన్నరును మరువరాదు. ఆ గది ఎంత ఇరుకైనదనగా మామూలు పారాచూటుతో అందులో మనిషి పట్టడు. పారాచూటును దుస్తులలోనే కుట్టిన ప్రత్యేకమైన అంగీ వారికి కావలసి వచ్చినది. విమానము కూలుచున్నప్పుడు పైలటు కప్పు జరిపి దుముకగలడు. గన్నరు ఇరుకు తలుపుల గుండ బయటపడవలెను. చాలమంది బయటపడలేదు. 24వ వంతున మూడు అంగుళముల మనిషిని ఆ గదిలో కూర్చుండబెట్టుటకు ప్రయత్నించిన విద్యార్థికి ఈ మాట ఎవరును వివరింపనక్కరలేదు. మోకాళ్ళు ఎక్కడ పెట్టవలెనో అతనికే తోచదు.

రంగు నలుపు. నలుపు కదా, సులభమని తలపకుడు. రాత్రి విమానములకు పూసినది మసివంటి గరుకు నలుపు. వెలుతురు తిరుగకుండుటకు దానిని ఎన్నుకొన్నారు. గరుకు వలన గాలి పట్టి వేగము తగ్గినది, పెచ్చులూడినది. నమూనాకు చుక్క నలుపును డబ్బాలోనుండి తీసి అట్లే పూసినచో బొమ్మ బొగ్గుముక్కవలె కనబడి, వివరములన్నియు మునిగిపోవును. వస్తువు చిన్నదైన కొలది రంగును కొంచెము వెలిగించవలెను. నలుపులో బూడిదరంగు కలపవలెను. దూరపు కొండ నీలముగా కనబడు న్యాయమే ఇది. ఇంజను పొగగొట్టముల వెనుక మసి చారలు, అడుగు పెట్టి ఎక్కు చోట అరుగుడు చూపవలెను. మరీ ఎక్కువ చూపుట కొందరికి వ్యసనము, అది అసహ్యము.

పేరు చివరకు వ్రాయవలెను. నీటిలో నానవేసి అంటించు అక్షరములు కిట్లలో దొరకును. వానిని మేము నిషేధింపము గాని, ‘కోయంబత్తూరు’ అను మాటను మూడు వెంట్రుకల కుంచెతో చేతితోనే వ్రాయవలెనని కోరుదుము. అసలు విమానము మీద అది ఆంగ్లాక్షరములలో, రోమను అంకెతో ఉన్నది, అట్లే ఉండవలెను. బియ్యపుగింజ పొడవు మించని అక్షరములు. ఊపిరి బిగబట్టి వ్రాసినవాడు ఆ ఊరి పేరును ఆ మీదట మరువడు.

ఇట్టి సూక్ష్మమైన పని మన ప్రాంతమునకు అందనిది కాదు. శ్రీకాళహస్తి దాపున మాధవమాలలో కర్ర విగ్రహములు చెక్కు కుటుంబములున్నవి. శిల్పులు పాటించు తాళమానము కొలతల శాస్త్రము కాక మరేమి? ముఖపు పొడవును ప్రమాణముగా గ్రహించి నవతాళమున దేహమునంతను దానికి తొమ్మిదింతలుగా విభజింతురు. మూరెడు విగ్రహమునకైనను నిలువెత్తు విగ్రహమునకైనను నిష్పత్తి ఒక్కటే. మన విద్యార్థులు వారివద్ద నాలుగు ఆదివారములు కూర్చుండి ఉలి పట్టుట నేర్చుకొన్నచో, బజారులో కొన్న ఏ పుస్తకము కంటె ఎక్కువ లాభము. గురుదక్షిణ మాత్రము ఎగవేయరాదు; ఆ పని చేయువారి చేతికి వచ్చు డబ్బు వారి నేర్పునకు తగినంత లేదు.

ప్లాస్టిక్ కిట్టునకును దీనికిని తేడా ఏమని అడుగువారికి ఒక్క మాట. కిట్టులో తప్పు చేసినచో తయారుచేసిన కంపెనీని అనవచ్చును. దిమ్మెనుండి చెక్కినప్పుడు ప్రతి కొలతను మనమే వెదకి తేవలెను, ప్రతి తప్పునకు మనమే బాధ్యులము. విమానపు కొలతలకు వెదకు అలవాటు పడినవాడు సొమ్ము లెక్కలకు కూడ వెదకును. యుద్ధనిధికి ఏ తాలూకానుండి ఎంత వచ్చినదో, ఎవరు వసూలు చేసినారో తెలిసికొనగోరు విద్యార్థి చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్సులో, ఒకనాడు పలమనేరునకు వలస వచ్చిన ఆ సంస్థలోనే, ప్రెసిడెన్సీ ప్రభుత్వపు కాగితములను చూడవలెను. చరిత్ర శాఖవారును భౌతికశాస్త్ర శాఖవారును కలిసి చేయదగిన పని ఇది. ఆ రెండు శాఖల వరండాల నడుమ దూరము ఇరువది అడుగులే యైనను రాకపోకలు తక్కువ.

నమూనా పూర్తియైన పిదప దానిని ప్రిన్సిపాలుగారి గదిలో ఉంచరాదు. అక్కడ ఉంచినది ఎవరును చూడరు. గ్రంథాలయములో వార్తాపత్రికలు చదువు బల్లపక్కన గాజు పెట్టెలో నిలుపవలెను. క్రింద పలకము మీద విమానపు పేరు, సంఖ్య, సంవత్సరము, నమూనా కొలత. ఆ క్రింద అయిదు వేల పౌనులు, 66,667 రూపాయలు, నాలుగణాల కూలి లెక్కలో పనిదినములు. చేసిన విద్యార్థుల పేర్లు వెనుకవైపు చిన్న అక్షరములతో. పలకము తెలుగులోను ఉర్దూలోను ఉండవలెననుట మన కళాశాలలో వేరుగా చెప్పనక్కరలేదు. ఊరు కోయంబత్తూరు కనుక తమిళమున కూడ ఉండుట న్యాయము. తమిళము వ్రాయగల బోర్డు ఆర్టిస్టులకు చిత్తూరు బజారులో కొదవ లేదు.